నిలబెట్టిన కారు నిలవదు



సింగపూర్‌లో కారుకు ఆయుర్దాయం 10 ఏళ్లు. కంపెనీ వాళ్లు పెట్టిన గడువు కాదిది, ప్రభుత్వం పెట్టింది. 1990 మే నెల నుంచి ఇక్కడ కారు కొనేవాళ్లు కారు ధరతో పాటు దాన్ని రోడ్డు మీద తిప్పుకునే హక్కును కూడా వేలంలో పాడుకోవాలి. ఆ హక్కు పత్రాన్ని అందరూ సీఓఈ అంటారు. 2023 అక్టోబరులో పెద్ద కార్లకు ఆ పత్రం ఒక్కటే 1,50,000 సింగపూర్ డాలర్లు దాటింది. గడువు తీరగానే కారును తుక్కుకు ఇవ్వాలి, లేదా వేరే దేశానికి ఎగుమతి చేయాలి. ఉంచుకుంటామంటే అప్పటి వేలం ధరలను బట్టి మళ్లీ డబ్బు కట్టి 5 ఏళ్లకో 10 ఏళ్లకో పొడిగించుకోవాలి. పైగా 10 ఏళ్లు దాటిన కారుకు రోడ్డు టాక్సు మీద అదనంగా 10 శాతం పడుతుంది. ఏటా పెరుగుతూ అది 50 శాతం దాకా పోతుంది.

అంతకుముందు 1975లోనే పాత కారు వదిలించుకుని కొత్తది కొనేవాళ్లకు రిజిస్ట్రేషన్ రుసుములో పెద్ద రాయితీ ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆ రాయితీ కోసం జనం పాత కార్లను వరసగా తుక్కుకిచ్చేశారు. ఒకప్పుడు ఈ వీధుల్లో మోరిస్ మైనర్లు, ఆస్టిన్లు, ఫోర్డ్ ఆంగ్లియాలు ఎక్కడ చూసినా కనిపించేవి. ఇప్పుడు ఒకటి ఎదురైతే దారిన పోయేవాళ్లు ఆగి ఫోటో తీసుకుంటున్నారు. కాబట్టి 1950ల నాటి కారు ఒకటి ఈ ద్వీపంలో ఇంకా ఉందంటే, దాని వెనక ఎవరో ఒక మొండి మనిషి ఉన్నాడనే అర్థం. డబ్బు లెక్క చూసుకోకుండా దాన్ని కాపాడుకున్న మనిషి. అలాంటివాళ్లంటే నాకు చాలా గౌరవం.

ఇలాంటి కార్ల కోసం ఇక్కడి ల్యాండ్ ట్రాన్స్‌పోర్ట్ అథారిటీ ఒక దారి తెరిచి ఉంచింది. 35 ఏళ్లు నిండిన కారును క్లాసిక్ స్కీము కింద నమోదు చేసుకోవచ్చు. ఖర్చు బాగా తగ్గుతుంది. దానికి బదులు కారును ఏడాదిలో 45 రోజులు మాత్రమే బయటికి తీయాలి. అందులో 28 రోజులు ఉచితం. మిగిలిన 17 రోజులకు రోజుకు 20 డాలర్ల చొప్పున కట్టాలి. 1940కి ముందు తయారైన కార్లకు విడిగా వింటేజ్ స్కీము ఉంది, వాటికి దక్కేది 28 రోజులే.

ఈ క్లాసిక్ స్కీమును నేను తప్పుపట్టను. అది లేకపోతే ఇవాళ ఇక్కడ పాత కారే ఉండేది కాదు. కానీ లెక్క వేసి చూడండి. 45 రోజులు తిరిగితే మిగతా 320 రోజులు కారు నిలబడి ఉండాలి. ఇంట్లో పెద్దాయనకు కంటిచూపు తగ్గిందనో, పిల్లలు విదేశాలకు వెళ్లారనో కొందరు ఆ 45 రోజులు కూడా వాడరు. ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ సంగతే. పాత కారు తిరిగి పాడవడం తక్కువ, నిలబడి పాడవడమే ఎక్కువ. అందులోనూ సింగపూర్ గాలిలో.

ఇక్కడ ఏడాదిలో దాదాపు 170 రోజులు వాన పడుతుంది. మొత్తం వర్షపాతం 2,100 మిల్లీమీటర్ల పైమాటే. తెల్లవారుజామున గాలిలో తేమ తరచుగా 90 శాతం దాటుతుంది. మన రాయలసీమ పొడి గాలిలో షెడ్డులో పెట్టిన కారు ఏళ్లు గడిచినా చాలావరకు దుమ్ము కప్పుకుని అలాగే ఉంటుంది. ఇక్కడ కొన్ని నెలలు అద్దాలు మూసి ఉంచితే చాలు, సీట్ల మీద తెల్లటి బూజు లేస్తుంది. బ్రేకు డ్రమ్ముకు షూ అతుక్కుపోతుంది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు పట్టేస్తుంది.

ఈ మధ్య ఒక మిత్రుడి మామగారి కారును మళ్లీ రోడ్డెక్కించే పనిలో నేనూ చెయ్యి వేశాను. 1950ల చివరినాటి మోరిస్ మైనర్ 1000. ఇంజిన్ 948 సీసీ. మలుపు తిరిగేటప్పుడు లైటు వెలగడం కాదు, తలుపు పక్కన ఉన్న స్తంభంలోంచి నారింజ రంగు చిన్న చెయ్యి ఒకటి బయటికి వస్తుంది. 1961 దాకా ఈ కార్లకు అదే ఏర్పాటు. పెద్దాయన ఆరోగ్యం బాగాలేక కారు కొన్నేళ్లు పోర్టికోలోనే ఉండిపోయింది. మీద కప్పిన టార్పాలిన్ కారుకు మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. లోపలి తేమను బయటికి పోనివ్వలేదు. టార్పాలిన్ మడతల్లో వాన నీళ్లు నిలిచాయి. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. అందుకని మొదటి పనిగా ఆ టార్పాలిన్ తీసి నీళ్లు పారబోసి ఆరబెట్టాం. సింగపూర్‌లో ఇంటి ఆవరణలో దోమలు పెరిగితే జరిమానా కూడా వేస్తారు.

మోరిస్ మైనర్ గురించి తెలియని శ్రోతలకు ఒక మాట. దీన్ని రూపొందించినది అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీ కారును తయారుచేసిన ఇంజినీరు ఆయనే. 1948లో మైనర్ వచ్చింది, బ్రిటన్‌లో పది లక్షల సంఖ్య దాటిన మొదటి కారు ఇదే. మన అంబాసిడర్‌కు దగ్గర చుట్టం కూడా. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చింది, ఆక్స్‌ఫర్డూ మైనరూ ఒకే కంపెనీ బిడ్డలు. అంబాసిడర్ బానెట్ ఎత్తి చూసిన మన మెకానిక్కులకు మైనర్ బానెట్ కింద చాలావరకు తెలిసిన సామానే కనిపిస్తుంది. అదే ఎస్.యు. కార్బరేటర్, అలాంటి డిస్ట్రిబ్యూటర్, హ్యాండిల్ కొట్టి స్టార్ట్ చేసే వీలు.

ఇక పని సంగతి. నిలిచిపోయిన కారు దొరకగానే అందరికీ ఒకటే ఆత్రం. కొత్త బ్యాటరీ తెచ్చి తగిలించి తాళం తిప్పుదామని. దయచేసి ఆ పని చేయకండి. ఏళ్లుగా కదలని సిలిండర్ల గోడల మీద నూనె పొర ఆరిపోయి ఉంటుంది, సన్నగా తుప్పు పట్టి ఉంటుంది. అలాంటప్పుడు సెల్ఫ్ కొడితే పిస్టన్ రింగులు విరగొచ్చు, సిలిండర్లు గీసుకుపోవచ్చు. చాలా రోజులు ఉపవాసం ఉన్న మనిషికి మొదట గంజినీళ్లు పడతాం కానీ పంక్తిభోజనం పెట్టం కదా. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం పలచటి నూనె పోసి, ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గులు బిగించకుండానే హ్యాండిల్‌తో మెల్లగా చేత్తో తిప్పి చూడాలి. మేం తిప్పినప్పుడు మొదట పావు చుట్టు వచ్చి ఆగింది. బలం పెట్టలేదు. ఇంకాస్త నూనె పోసి ఆగాం. మర్నాడు మొత్తం చుట్టు తిరిగింది, ప్లగ్గుల రంధ్రాల్లోంచి గాలి బుస్సుమని వచ్చింది. అంటే పిస్టన్లు కదులుతున్నాయి.

అయినా ఇంజిన్ స్టార్ట్ చేయడం ఆ తర్వాతి పని కాదు. బ్రేకులు ముందు. కదలని కారు ఎవరికీ హాని చేయదు. కదిలి ఆగని కారు ప్రాణం తీస్తుంది. ఈ వరస ఎప్పటికీ మార్చకూడదు.

బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ చేరిన ఆయిల్ లోపలి నుంచి ఇనుమును తినేస్తుంది. మైనర్‌లో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, ఫ్లోరు అడుగున ఉంటుంది. కార్పెట్ ఎత్తి ఒక మూత తీస్తే తప్ప కనిపించదు. మేం ఆ మూత విప్పితే లోపల ఆయిల్ ఉండాల్సిన చోట ముదురు గోధుమ రంగు బంక ఉంది. చక్రాల దగ్గర ఆరు చిన్న సిలిండర్లుంటాయి, ముందు చక్రాలకు రెండేసి, వెనక వాటికి ఒక్కొక్కటి. అన్నిటికీ కలిపి ఒకటే లైను. ఒక్కచోట కారితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయినట్టే. అందుకని రబ్బర్లు మార్చి సరిపెట్టుకునే ఆలోచన మానుకుని సిలిండర్లన్నీ కొత్తవే వేయించాం. ఈ కార్లకు విడిభాగాలు బ్రిటన్‌లో ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి. పాత కారు ఎంచుకునేవాళ్లు దాని అందం కంటే ముందు ఈ సంగతి కనుక్కోవాలని నా సలహా. సామాను దొరకని కారు ఎంత అందమైనదైనా గుండెకోతే మిగులుతుంది.

డ్రమ్ములు విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ దుమ్మును నోటితో ఊదడం, కంప్రెసర్ గాలి కొట్టడం చాలా ప్రమాదం. ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. మంచి మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పారేయాలి. మన ఊళ్లలో షెడ్లలో పనిచేసే కుర్రాళ్లు ఇది వింటున్నారని నమ్ముతున్నాను.

ముందు చక్రాల దగ్గర మైనర్‌కు మరో బలహీనత ఉంది. చక్రాన్ని పట్టి ఉంచే కింగ్ పిన్నుకు పైనా కిందా మరలు చెక్కిన దిమ్మెలు ఉంటాయి. వాటికి గ్రీజు నిపిల్స్ ఉంటాయి. గ్రీజు గన్‌తో క్రమం తప్పకుండా గ్రీజు కొట్టకపోతే మర అరిగి, ఒకరోజు ఆ కీలు ఊడి చక్రం కారు కింద మడతపడుతుంది. ఇప్పటి కార్లకు గ్రీజు కొట్టే పనే లేదు కాబట్టి కొత్త మెకానిక్కులకు ఆ నిపిల్స్ ఎందుకో కూడా తెలియదు. మట్టి కింద దాక్కుని ఉంటాయి. వైరు బ్రష్షుతో రుద్ది ఒక్కొక్కదాన్నీ వెతికి పట్టుకోవాలి. గ్రీజు కొట్టినప్పుడు పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి, దాని వెనక కొత్తది కనిపించేదాకా కొట్టాలి. ఎంత కొట్టినా ఏమీ బయటికి రాకపోతే విప్పి చూడాల్సిందే.

పెట్రోలు టాంకు సంగతి ముక్కుకే తెలుస్తుంది. నిలవున్న పెట్రోలు పాత వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని పూర్తిగా తీసేసి, టాంకు దించి కడిగించి, రబ్బరు పైపులన్నీ మార్చాలి. ఆ పెట్రోలు గానీ పాత ఇంజిన్ ఆయిల్ గానీ కాలువలో పోయకూడదు. ఎక్కడా పోయకూడదు, సింగపూర్‌లో మరీను. ఈ దేశ భూభాగంలో మూడింట రెండు వంతుల మీద పడ్డ వాన నీరు కాలువల గుండా తాగునీటి జలాశయాలకే చేరుతుంది. పాత ఆయిల్‌ను డబ్బాల్లో పట్టి వర్క్‌షాపు వాళ్లకు అప్పగించాం.

పెట్రోలు గురించి ఇంకొకటి. ఈ కార్లు సీసం కలిపిన పెట్రోలు కాలంలో పుట్టాయి. ఆ సీసం వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. సింగపూర్ 1998 జులై నుంచి సీసం కలిపిన పెట్రోలును పూర్తిగా ఆపేసింది. మంచి పనే చేసింది, పిల్లల మెదడుకు సీసం విషం. కాబట్టి పాత ఇంజిన్‌కు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవాలి, లేదా పెట్రోలులో కలిపే మందు వాడాలి. ఇండియాలో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత అంబాసిడర్లు, ఫియట్లు ఉన్నవాళ్లు రబ్బరు పైపులు, కార్బరేటర్ సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునేవి వేయించుకోవడం మంచిది.

బ్యాటరీ కలిపేముందు కూడా ఆగి చూడండి. ఆ కాలం బ్రిటిష్ కార్లలో బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి కార్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అలవాటు చొప్పున తిప్పి కలిపితే వైరింగు మీద దెబ్బ పడుతుంది.

ఇన్ని అయ్యాక కానీ శుభ్రం చేసే పని మొదలవదు. నా మటుకు నాకు కడగడం అంటే తనిఖీ చేయడమే. చేత్తో తాకుతూ తుడిచేవాడికి తెలిసినన్ని విషయాలు నాలుగడుగుల దూరం నుంచి చూసేవాడికి తెలియవు. తలుపుల అడుగు అంచున చిన్న రంధ్రాలుంటాయి. అద్దం పక్క నుంచి తలుపులోకి దిగిన వాన నీరు పోవడానికి పెట్టినవి. ఆకులు, దుమ్ము పేరుకుని అవి మూసుకుపోతే నీరు తలుపులోనే నిలిచి అడుగు రేకును తినేస్తుంది. ఇంట్లో ఉన్న చాప్‌స్టిక్ ఒకటి తీసుకుని ఆ రంధ్రాల్లో పొడిచాం. ఎడమ తలుపు నుంచి తడి మట్టి ముద్ద, దాని వెనకే గ్లాసెడు తుప్పునీళ్లు కారాయి. ఆ తలుపు అడుగు ఇంకా గట్టిగానే ఉంది. ఇంకో రెండు వానాకాలాలు గడిస్తే ఉండేది కాదు.

సీట్ల మీది బూజును ఇంట్లో దులపకూడదు. సీట్లు విప్పి బయట నీడలో పెట్టి, మాస్కు వేసుకుని మెత్తటి బ్రష్షుతో దులిపి, నీళ్లు కలిపిన వెనిగర్‌లో ముంచి పిండిన గుడ్డతో రెక్సిన్‌ను తుడిచి, బాగా ఆరనివ్వాలి. కార్పెట్ల కింద ఉండే ఫెల్టు నీళ్లు పీల్చుకుని ఫ్లోరును కుళ్లబెడుతుంది. దాన్ని ఆరబెట్టి మళ్లీ వాడాలనుకోకండి, పారేయండి.

రంగు విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. పాత కారు దొరకగానే పాత రంగంతా గీకి లప్పం పెట్టి మెరిసే కొత్త రంగు కొట్టించడం చాలామందికి ఇష్టం. నేను వద్దంటాను. ఒకసారి గీకేసిన అసలు రంగును ఎవరూ తిరిగి తేలేరు. ముందు ధారగా నీళ్లు పోసి దుమ్ము పోగొట్టాలి. తర్వాత కారు షాంపూతో కడగాలి, గిన్నెలు తోమే సబ్బు వద్దు. ఆరాక పాలిష్‌తో చిన్న చోట రుద్ది చూడాలి. పాత రంగు పైపొర ఎండకు సున్నంలా మారి ఉంటుంది. గుడ్డకు కారు రంగే అంటుకుంటుంది, దానికి భయపడక్కర్లేదు. అంచుల దగ్గర మాత్రం రంగు పలచగా ఉంటుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా వేయాలి. బంపర్ల క్రోమ్ మీది చిన్న తుప్పుమచ్చలు తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే పోతాయి. ఈ మైనర్ బూడిద రంగు పాలిష్ పెట్టాక లోపలి నుంచి తేరుకుని వచ్చింది. డ్రైవరు తలుపు అంచున రంగు అరిగి రేకు కనిపిస్తున్న చోటును అలాగే ఉంచి మైనం పట్టించాం. పెద్దాయన ఏళ్ల తరబడి మోచెయ్యి ఆనించిన చోటు అది. దాన్ని కప్పే హక్కు నాకు లేదనిపించింది.

కార్బరేటర్ సరిచేయడానికి సిన్ మింగ్ వైపు ఒక వర్క్‌షాపులో పనిచేసే వయసు మళ్లిన మెకానిక్ వచ్చారు. ఇక్కడ అలాంటివాళ్లను అందరం అంకుల్ అనే పిలుస్తాం. కంప్యూటరు తగిలించి తప్పు వెతికే కాలంలో, ఆయన ఒక గొట్టం చెవికి ఆనించి గాలి పీల్చే చప్పుడు విని స్క్రూ తిప్పుతారు. ఆ విద్య తెలిసినవాళ్లు సింగపూర్‌లోనూ, మన విజయవాడ ఆటోనగర్‌లోనూ ఏటేటా తగ్గిపోతున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే కుర్రవాళ్లు కావాలి. కారు కంటే ముందు కాపాడుకోవాల్సింది ఆ చేతిపనిని.

సింగపూర్‌కు కార్లతో ఉన్న బంధం చాలా పాతది. ఇక్కడికి మొదటి కారు 1896లో వచ్చింది. ఆగ్నేయాసియాలో మొట్టమొదటి కారు అసెంబ్లీ ఫ్యాక్టరీని 1941లో ఫోర్డ్ కంపెనీ అప్పర్ బుకిట్ తిమా రోడ్డులో తెరిచింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 15న బ్రిటిష్ జనరల్ పెర్సివల్ జపాన్ జనరల్ యమషితాకు లొంగిపోయింది ఆ ఫ్యాక్టరీలోనే. యుద్ధం తర్వాత అక్కడ మళ్లీ కార్లు తయారయ్యాయి, 1980లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడది జాతీయ స్మారకం, లోపల మ్యూజియం ఉంది. సింగపూర్ వచ్చే మనవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు.

మన హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. 1911లో ఆయన పోయాక ఏడో నిజాం చేతికి వచ్చింది. ఏళ్ల తరబడి మూలపడి ఉన్నదాన్ని బాగుచేయించి నిలబెట్టారు. నిజాం కారుకు సంస్థానం అండ ఉంది. మామూలు ఇళ్లలో మిగిలిన కార్లకు మనమే దిక్కు.

ఇండియాలో 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయకుండా అసలు రూపంలో ఉన్న వాహనాన్ని 20,000 రూపాయల రుసుముతో వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. నంబరులో వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. 10 ఏళ్లు చెల్లుతుంది, రోజువారీ వాడకానికి మాత్రం పనికిరాదు. అసలు రూపం అన్న మాట గమనించండి. ఇష్టం వచ్చినట్టు మార్పులు చేయించినవాళ్లు ఈ అవకాశం పోగొట్టుకుంటారు.

మోరిస్ మైనర్ ఇప్పుడు పోర్టికోలోనే స్టార్ట్ అవుతోంది. బ్రేకులు పట్టుకుంటున్నాయి. ఇక తనిఖీ కేంద్రంలో బ్రేకు పరీక్ష, పొగ పరీక్ష నెగ్గాలి. అవి అయ్యాక దానికి దక్కే 45 రోజుల్లో ఒక్కటీ వృథా చేయవద్దని మిత్రుడికి గట్టిగా చెప్పాను.

వింటున్న మీకు నా విన్నపం ఒకటే. మీ ఇంటి వెనక పశువుల పాకలోనో, తాతగారి ఊళ్లో రేకుల షెడ్డులోనో ఒక అంబాసిడరో, ఫియటో, విల్లీస్ జీపో కదలకుండా పడి ఉంటే, తుక్కు కొనేవాడితో బేరం మాట్లాడకముందు బీరువాలో ఆర్సీ పుస్తకం వెతికి తీసి భద్రపరచండి. కారు మీది టార్పాలిన్ తీసి గాలి తగలనివ్వండి. అడుగున రేకు ఎంత మిగిలి ఉందో చేత్తో తట్టి చూడండి. తెలిసిన మెకానిక్ వచ్చి నూనె పోసి, చేత్తో తిప్పి చూసేదాకా తాళం మాత్రం తిప్పకండి.